తను ఇంకా రాలేదు

2022 వానాకాలంలో ఒక రాత్రి తనకి కడుపులో నొప్పి మొదలైంది. వాము నీళ్ళతో తగ్గే నొప్పి కాదని పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఆటో మాట్లాడుకుని నారపల్లి నుంచి ఉప్పల్ వైపు బయలుదేరాం. వరంగల్ రోడ్డంతా వంతెన స్తంభాలు, వాటి పక్కన నీళ్ళు నిండిన గుంతలు. ప్రతి గుంత దగ్గరా తను నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషను చెయ్యాలి అన్నారు. ఒక కుర్రవాడు కాగితాల కట్ట నా ముందు పెట్టి సంతకాలు చెయ్యమన్నాడు.

అందులో ఒక గడి ఉంది. పేషెంటుకు మీరేమవుతారు?

నేను ముప్పయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని. మన భాషలో బంధుత్వ పదాలు ఎన్ని ఉన్నాయో, వాటి వెనక ఎంత సమాజం ఉందో ఏటా ఒక గంటైనా పాఠం చెప్పేదాన్ని. వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు, వియ్యపురాలు, సవతి. ఒక స్త్రీకి ఇంకో స్త్రీ ఏమవుతుందో చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని మాటలు చాలా భాషల్లో ఉండవని గర్వంగా చెప్పేదాన్ని. ఆ రాత్రి కలం పట్టుకుని కూర్చుంటే వాటిలో ఒక్కటీ నాకు పనికి రాలేదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఒకే కంచం, ఒకే మంచం అయిన మనిషికి నేనేమవుతాను?

చెల్లెలు అని రాశాను.

కుర్రవాడు ఆధార్ కార్డు చూశాడు. “ఇంటిపేరు వేరే ఉంది కదా మేడం?” అన్నాడు. పెళ్ళయింది అన్నాను. “వాళ్ళాయన రాలేదా?” అన్నాడు. లేరు, పోయారు అన్నాను. పాపం, అతను ఇంకేమీ అడగలేదు. ఒక్క నిమిషంలో నేను తనకి పెళ్ళి చేశాను, ఆ మరుసటి మాటతో తనని విధవరాల్ని చేశాను.

ఇంటికొచ్చాక ఆసుపత్రి కాగితాలు చూసి తను చాలాసేపు నవ్వింది. కుట్లు నొప్పి పుడుతున్నా నవ్వింది. “నాకెప్పుడు పెండ్లి జేసినవ్? కట్నం ఎంత పెట్టినవ్?” అంది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. గోడవైపు తిరిగి, “రాసేటిదానివి నువ్వే గదా. నువ్వే నన్ను రాయకపోతే ఎవరు రాస్తరు?” అంది.

ఈ వ్యాసం ఆ మాటకి జవాబు చెప్పుకోడానికి చేస్తున్న ప్రయత్నం. ఆలస్యంగా చేస్తున్నది.

మేం కలిసింది 1991లో, ఉద్యోగినుల హాస్టల్లో. నాది గుంటూరు జిల్లా. తనది జనగామ దగ్గర పల్లె. నేను కొత్తగా లెక్చరర్ని. తను నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేది. తర్వాత రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం, ఇలా పదేళ్ళు అద్దె ఇళ్ళు తిరిగాం. 2001లో నారపల్లి వచ్చాం. అప్పటికి ఇది ఊరు దాటిన ఊరు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఘట్‌కేసర్ బస్సు పట్టుకుంటే బోడుప్పల్, మేడిపల్లి దాటాక దిగాలి. మా వీధిలో నాలుగు ఇళ్ళు, మిగతావన్నీ హద్దురాళ్ళు. నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజు పండగ. అంత దూరం ఎందుకు పోతున్నారని అందరూ అడిగారు. స్థలం చవక అని చెప్పాం. అది నిజమే. ఎవరూ తలుపు తట్టి మీరు ఒకరికొకరు ఏమవుతారని అడగని చోటు కావాలనుకున్నామన్నది దానికంటే పెద్ద నిజం.

డబ్బు ఇద్దరం సగం సగం వేసుకున్నాం. రిజిస్ట్రేషను మాత్రం నా ఒక్కదాని పేరున చేయించాం. ఇద్దరు స్త్రీలు ఉమ్మడిగా స్థలం కొనుక్కోడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. కానీ కాగితాలు రాసే ఆయన ముందు ఇద్దరం పక్కపక్కన నిలబడడానికి నాకే ధైర్యం చాలలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్ళి కాని స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి తల్లిదండ్రులకి, వాళ్ళు లేకపోతే తండ్రి వారసులకి పోతుంది. అంటే మా అన్నయ్య పిల్లలకి. తన కూలిడబ్బుతో లేచిన గోడలు వాళ్ళవవుతాయి. వీలునామా రాయడానికి కూడా నాకు పదిహేనేళ్ళు పట్టింది. సాహిత్యంలో పరాయితనం గురించి మాట్లాడే ముందు ఈ సంగతి చెప్పుకోకపోతే నేను మాట్లాడేదంతా పుస్తకాల మాటే అవుతుంది.

ఇక భాష సంగతి. కాలేజీ స్టాఫ్ రూములో నేను తనని ‘తను’ అనేదాన్ని. తెలుగు ఆడవాళ్ళు భర్తని పేరు పెట్టి పిలవలేక, ఆయన అనడం పాతకాలపు మాటనిపించి, ‘తను’ అనడం మొదలుపెట్టిన రోజులవి. ‘తను’కి స్త్రీ పురుష భేదం లేదు. చిక్కంతా క్రియతో వస్తుంది. వచ్చాడు అంటే అబద్ధం, వచ్చింది అంటే ప్రమాదం. అందుకని నాకు తెలియకుండానే ఒక వ్యాకరణం తయారు చేసుకున్నాను. ‘తను ఇంకా రాలేదు.’ ‘తను తినలేదు.’ ‘తనకి ఒంట్లో బాగోలేదు.’ ‘తనకి వంకాయ పడదు.’ రాలేదు అన్న క్రియ ఆడకీ మగకీ ఒక్కటే. కొత్తగా చేరిన సహోద్యోగులు నాకు భర్త ఉన్నాడనుకున్నారు. పాతవాళ్ళు ఏదో అర్థం చేసుకుని ఊరుకున్నారు. ముప్పయ్యేళ్ళు నేను ప్రేమించిన మనిషి గురించి లేదులతోనే మాట్లాడాను. వచ్చింది, తిన్నది, నవ్వింది, నన్ను కోప్పడింది అని ఒక్కసారీ చెప్పలేదు.

కవిత్వంలో ఈ దాపరికం ఇంకా సులువైంది. నేను ప్రేమించాను అంటే తెలుగులో ఆ నేను స్త్రీయో పురుషుడో తెలియదు. నువ్వు వెళ్ళావు అంటే ఆ నువ్వు ఎవరో తెలియదు. హిందీలో, ఉర్దూలో అయితే క్రియే పట్టిస్తుంది. 1990లలో స్త్రీవాద కవిత్వం ఉప్పెనలా వచ్చినప్పుడు నేనూ రాశాను. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు ఆ పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకున్న తరం మాది. మన శరీరం గురించి, వంటింటి గురించి, పడకగది గురించి మొదటిసారి మనమే మాట్లాడాం. నా కవితల్లో నువ్వు అంటే తనే. ఒక సభలో ఒక పెద్దాయన నా కవిత చదివి, దాంపత్యంలోని మాధుర్యాన్ని కూడా స్త్రీవాదులు గుర్తించడం శుభసూచకం అన్నారు. నేను చప్పట్లు కొట్టించుకుని దిగొచ్చాను. మా సాటి కవయిత్రులు మాత్రం, నీ కవిత్వంలో భర్త మీద కోపమే లేదేమిటి, రాజీ పడిపోయావా అని నిలదీశారు. రెండు చోట్లా లేని భర్తే నా కవితకి అర్థం చెప్పాడు.

ఇందులో ఎవరి తప్పూ పెద్దగా లేదు. అప్పటి మన పోరాటం భర్తతో, తండ్రితో, అత్తింటితో. అది అవసరమైన పోరాటం. కానీ శత్రువుగానైనా సరే, కథ మధ్యలో పురుషుడే ఉన్నాడు. సిమోన్ ద బోవా 1949లో ‘ద సెకండ్ సెక్స్’లో స్త్రీని పురుషుడికి ‘అన్య’గా నిలబెట్టిన తీరు వివరించింది. మన వ్యాకరణం సంగతే చూడండి. పురుషుడు మహత్తు. స్త్రీ ఏకవచనంలో ఉంటే క్రియ దగ్గర అమహత్తుతో కలిసిపోతుంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. బహువచనంలో మాత్రం మనుషుల్లో చేరుతుంది. ఆడవాళ్ళు గుంపుగా ఉంటేనే మనుషులన్నమాట అని క్లాసులో నవ్వించేదాన్ని. ఈ లెక్కన స్త్రీని ప్రేమించే స్త్రీ ఎక్కడ నిలబడుతుంది? ఆమె ఏ పురుషుడికి అన్య? ఎవరి ఎదురుగా నిలబెట్టి ఆమెకి అర్థం చెప్పాలి? అన్యగా గుర్తింపబడడానికైనా ఒక వరస కావాలి. ఆమెకి అదీ లేదు. అమెరికన్ కవయిత్రి అడ్రియన్ రిచ్ 1980లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో అడిగింది ఇదే ప్రశ్న అనిపిస్తుంది నాకు. స్త్రీ పురుషుణ్ణి కోరుకోవడం సహజమని మనం అనుకుంటున్నాం సరే, అంత సహజమైనదాన్ని నిలబెట్టడానికి ఇన్ని కట్టుబాట్లు, ఇంత బలవంతం ఎందుకు అవసరమయ్యాయి? ఈ ప్రశ్న లెస్బియన్ల కోసం అడిగింది కాదు. ఆడవాళ్ళందరి పెళ్ళి గురించీ అడిగింది.

నా ముందు నడిచిన వాళ్ళెవరో వెతుక్కోవాలన్న తపన నాకు ముప్పయ్యేళ్ళ వయసులో పట్టుకుంది. ఆ వెతుకులాటలో దొరికినవి, దొరికాయని భ్రమపడ్డవి కొన్ని చెబుతాను.

ముందు దొరికింది ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’. 1942 నాటి ఉర్దూ కథ. అశ్లీలమని లాహోరు కోర్టుకి లాగారు, కేసు నిలవలేదు. నవాబు గారి నిర్లక్ష్యంలో ఎండిపోయిన బేగం జాన్, ఆమెకి ఒళ్ళు పట్టే రబ్బూ, రాత్రిపూట గోడ మీద ఏనుగులా ఊగే రజాయి నీడ. మొదటిసారి చదివినప్పుడు నా గుండె కొట్టుకున్న చప్పుడు నాకే వినిపించింది. రెండోసారి చదివినప్పుడు వేరే సంగతి కనబడింది. కథ చెబుతున్నది ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల భయపడుతోంది. బేగం జాన్ తన గురించి తను ఒక్క మాటా చెప్పుకోదు. రబ్బూ అసలే చెప్పదు. వాళ్ళని మనం బయటి నుంచి, అదీ భయపడే కళ్ళతో చూస్తాం. ఇంకొకటి, నవాబు పట్టించుకుని ఉంటే ఈ కథే జరిగేది కాదన్నట్టు ఉంటుంది.

దీపా మెహతా ‘ఫైర్’ 1998లో మన దేశంలో విడుదలైంది. డిసెంబరులో ముంబయిలో, ఢిల్లీలో హాళ్ళ మీద దాడులు జరిగాయి. ఢిల్లీలో రీగల్ సినిమా ముందు స్త్రీలు ప్రదర్శన చేసి, లెస్బియన్ అన్న మాట రాసిన అట్టలు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. ఆ ఫొటో చూసి నేను ఏడ్చాను. సినిమాలో రాధ, సీత తోడికోడళ్ళు. ఒకామె భర్త స్వామీజీ మాట విని బ్రహ్మచర్యంలో పడ్డాడు, ఇంకొకామె భర్తకి వేరే స్త్రీ ఉంది. మళ్ళీ అదే లోటు. మగవాడి ప్రేమ దొరకక ఆడదాని దగ్గరికి చేరారన్న సమాధానం అక్కడా సిద్ధంగా ఉంది. మా వీధిలో వాళ్ళు మా గురించి “పాపం, పెండ్లిళ్ళు గాలే, ఒకరికొకరు తోడున్నరు” అని జాలిపడతారు. వాళ్ళు మంచివాళ్ళు. వాళ్ళ మాటకీ ఆ సినిమాకీ మధ్య ఉన్న దూరం నేను అనుకున్నంత పెద్దది కాదు. నాకు ఎవరూ దొరకక తను దొరకలేదు. నాకు తను దొరికింది.

ఇంగ్లీషులో రాడ్‌క్లిఫ్ హాల్ ‘ద వెల్ ఆఫ్ లోన్లీనెస్’ ఉంది. 1928లో వచ్చింది, ఆ ఏడే లండన్ కోర్టు నిషేధించింది. అందులో స్టీఫెన్ అనే స్త్రీ తను ప్రేమించిన మేరీని చివరికి ఒక మగవాడి చేతుల్లోకి తనే తోసేస్తుంది. మేరీకి సుఖమైన, మర్యాదైన జీవితం దొరకాలని. త్యాగమని చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం చిరాకు పుట్టేది. ఇంత పెద్ద పుస్తకం రాసి, చివర్లో ఆమె పెళ్ళి చేసి పంపించడమేమిటి అనుకునేదాన్ని. ఆసుపత్రిలో ఆ గడి నింపాక ఆ చిరాకు తగ్గింది. నేను చేసినది అదే కదా.

మన భాషలో వెతుకుతూ ముద్దుపళని దగ్గరికి వెళ్ళాను. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ‘రాధికా సాంత్వనం’ రాసిన విదుషి. వీరేశలింగం గారు ఆమె పద్యాల్ని ఆడది చెప్పదగ్గవి కావన్నారు. బెంగళూరు నాగరత్నమ్మ పట్టుదలగా మంచి ప్రతి సంపాదించి 1910లో వావిళ్ళ వారి ద్వారా అచ్చు వేయించింది. మరుసటి ఏడే బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే దాకా అది తొలగలేదు. సూసీ తారు, కె. లలిత ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటాన్ని 1991లో ఈ కథతోనే మొదలుపెట్టారు. తన పెంపకంలో పెరిగిన ఇలకి రాధ తనే కృష్ణుడితో కాపురం కుదర్చడం, కుదిర్చాక అసూయతో కుమిలిపోవడం ఆ కావ్యంలో కథ. రాధకీ ఇలకీ మధ్య ఉన్న చనువుని పట్టుకుని, ఇదిగో మన పూర్వీకురాలు అని ఒక వ్యాసం మొదలుపెట్టాను కూడా. సగంలో ఆపేశాను. ఆ కావ్యం కృష్ణుడి కోసమే. నాకు అవసరమైంది కదా అని ముద్దుపళని నోట్లో నా మాట పెట్టడం, నా కవితలో లేని భర్తని వెతికిన వాళ్ళు చేసిన పనే అవుతుంది. ఆమె నా పూర్వీకురాలే, అయితే వేరే కారణానికి. తన కోరిక గురించి తనే నోరు విప్పిన ఆడదాని పుస్తకాన్ని అశ్లీలం పేరుతో ఎలా మాయం చేస్తారో ఆమె నాకు చూపించింది. లండన్లో హాల్ పుస్తకానికి జరిగింది, లాహోరులో చుగ్తాయ్‌కి జరగబోయింది, అంతకు ముందే మన ముద్దుపళనికి జరిగింది. మూడింటి మీదా ఒకే సామ్రాజ్యపు నీడ.

మాకు సెలవు దొరికితే మౌలాలి వెళ్ళేవాళ్ళం. నాచారం నుంచి ఎంతో దూరం కాదు. కొండ కింద మాహ్ లకా బాయి చందా సమాధి ఉంది. 1768 నుంచి 1824 దాకా బతికిన హైదరాబాదు ఉర్దూ కవయిత్రి. తల్లి కోసం కట్టించిన సమాధి పక్కనే తనూ పడుకుంది. ఉర్దూ గజల్లో ప్రేమించేవారూ ప్రేమింపబడేవారూ ఇద్దరూ పుంలింగంలోనే ఉంటారు. అది ఆ ప్రక్రియ సంప్రదాయం. ఆమె కూడా ఆ పుంలింగంలోనే రాయాల్సి వచ్చింది. ఇక స్త్రీల గొంతుతో స్త్రీల ప్రేమల గురించి రాసిన రేఖ్తీ కవిత్వం లక్నోలో వెలిసింది. అందులో ఒక స్త్రీకి ప్రాణప్రదమైన ఇంకో స్త్రీని ‘దోగానా’, ‘జనాఖీ’ అంటారు. మాట ఉంది! ఆ మాటలు తెలిసిన రోజు తనకి ఫోను చేసి చెప్పాను. కానీ ఆ కవిత్వం రాసిన వాళ్ళలో పేరున్న వాళ్ళంతా మగవాళ్ళు, రంగీన్, ఇన్షా వంటివాళ్ళు. ఆడగొంతు పెట్టి నవ్వించడానికి రాసింది కొంత, నిజంగా విని రాసింది కొంత. ఆడవాళ్ళు మగగొంతులో రాశారు, ఆడగొంతు మగవాళ్ళ దగ్గరుండిపోయింది. ఆ సమాధి దగ్గర చెట్టు కింద కూర్చుని నేను ఇదంతా చెబుతుంటే తను మక్కపేలాలు తింటూ వినేది.

1999లో అశ్విని సుక్తాంకర్ సంపాదకత్వంలో ‘ఫేసింగ్ ద మిర్రర్’ వచ్చింది. భారతీయ లెస్బియన్లు తమ గురించి తాము ఇంగ్లీషులో రాసుకున్న పుస్తకం. దినపత్రిక అట్ట వేసి బస్సులో చదివాను. అందులో ఎవరూ రజాయి బయట నిలబడి చూడరు. నేను అని మొదలుపెడతారు. పరాయితనానికీ అస్తిత్వానికీ మధ్య తేడా ఆ నేను అన్న మాట దగ్గరే ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఎవరో నన్ను చూసి చెప్పేది పరాయితనం. నేను చెప్పుకునేది అస్తిత్వం. ఒకే జీవితం, చెప్పే నోరు మారుతుంది.

తెలుగులో అస్తిత్వ సాహిత్యం అన్న మాటకి గొప్ప చరిత్ర ఉంది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1998లో ‘జల్‌జలా’, 2002లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’. ఒక్కొక్కటీ అంతవరకూ మనం అని చెప్పుకుంటున్న వాళ్ళని ఆపి, ఆ మనంలో మేమెక్కడ అని నిలదీసినవి. హిజ్రా రేవతి ఆత్మకథని పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక స్త్రీవాద రచయిత్రి చేతుల మీదుగా ఆ గొంతు తెలుగుకి రావడం నాకు సొంత ఇంట్లో పండగలా అనిపించింది. నా పుస్తకాల అరలో వీటి పక్కన, ఇద్దరు తెలుగు స్త్రీల ప్రేమ గురించి అందులో ఒకామె నేను అని రాసుకున్న పుస్తకం మాత్రం లేదు. ఆ ఖాళీకి నేనూ బాధ్యురాలినే. రాయగలిగి ఉండీ రాయలేదు.

‘నల్లపొద్దు’ని తను నాకంటే ముందే పూర్తిగా చదివింది. తనది మాదిగ ఇల్లు. నాది పై కులం. ఈ మాట వ్యాసంలో ఇంత ఆలస్యంగా రాయడం కూడా నా గురించి ఏదో చెబుతోంది. ఒకరోజు రాత్రి నా బాధంతా చెప్పుకుంటుంటే తను అడ్డం వచ్చి, “నీకు దాసుకునేటిది ఇదొక్కటే ఉన్నది. నాకిది మూడోది. నేను మాదిగదాన్ని, కంపెనీల పనిజేసేదాన్ని, తర్వాత నీతోని ఉండేదాన్ని. వరుసల నిలబడుమను నీ బాధను” అంది.

కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. అద్దె ఇళ్ళ కోసం తిరిగిన రోజుల్లో ఇంటివాళ్ళు మొదట అడిగింది పెళ్ళయిందా అని కాదు. “మీరేమట్లు?” అని. నా ముఖం చూసి తలుపు తీసి, తన ఊరి పేరు, ఇంటిపేరు విని తలుపు వేశారు. మా ప్రేమ సంగతి వాళ్ళకి తెలియనే తెలియదు. నా పరాయితనం క్రియాపదం మార్చి దాచుకోగలిగింది. తనది ఇంటిపేరులోనే ఉంది. ‘చెల్లెలు’ అన్న అబద్ధాన్ని ఆ కుర్రవాడు ఎందుకు అనుమానించాడు? ఇంటిపేరు వల్ల. ఆ అబద్ధం నిలబెట్టుకోడానికి నేను తనని ఎవరి ఇంటి కోడలిని చేశాను? ఆ ఇంటిపేరు గల ఒక మగవాణ్ణి కల్పించి, తన తండ్రి పేరుని తన మొగుడి పేరుగా మార్చేశాను. తన పుట్టుకే చెరిపేశాను. తను గోడవైపు తిరిగింది అందుకని ఇప్పుడు తెలుస్తోంది.

ఆడ్రి లార్డ్ తన 1984 నాటి వ్యాసాల పుస్తకానికి ‘సిస్టర్ ఔట్‌సైడర్’ అని పేరు పెట్టుకుంది. సోదరీ, బయటి మనిషీ కూడా. నల్లజాతి స్త్రీగా తెల్ల స్త్రీల మధ్య, లెస్బియన్‌గా నల్లజాతి వాళ్ళ మధ్య ఆమె ఎప్పుడూ కొంచెం బయటే ఉంది. ‘జామీ’లో 1950ల న్యూయార్క్ లెస్బియన్ల మధ్య కూడా తను ఒంటరి నల్లమనిషినన్న స్పృహ ఆమెని వదలదు. మా ఇంట్లో లార్డ్ నేను కాదు. నేను చదివి అండర్‌లైన్ చేసుకున్నదాన్ని మాత్రమే. లెస్బియన్ అస్తిత్వం అని మనం ఒక్క మాటగా అంటే, ఆ ఒక్క మాటలో నాలాంటి వాళ్ళే ముందు దూరిపోతాం. తెలుగులో ఆ సాహిత్యం రావలసి ఉందంటున్నానే, అది నాలాంటి వాళ్ళ కలం నుంచి మాత్రమే వస్తే మళ్ళీ సగమే వచ్చినట్టు.

ఇంకో చిక్కు మాటతో. లెస్బియన్ అన్నదానికి మన పత్రికలు స్వలింగ సంపర్కురాలు అని రాస్తూ వచ్చాయి. సంపర్కం! ముప్పయ్యేళ్ళ కాపురంలో బియ్యం ఏరుకోవడం, పెట్రోలు లెక్కలు, అమ్మ పోయినప్పుడు నా పక్కన నిలబడడం, ఇవన్నీ పోయి ఒక్క మంచమే మిగిలింది ఆ మాటలో. భర్తని విలింగ సంపర్కుడు అని ఎవరైనా రాస్తారా? మరి చెలి? స్త్రీకి స్త్రీ చెలి. ప్రియురాలిని పురుషుడు పిలిచేదీ చెలి అనే. మన భాష ఆ రెండిటి మధ్యా గోడ కట్టలేదు, తర్వాత మనమే కట్టుకున్నాం. తనని అడిగితే, “చెలీ గిలీ అనకు, సినిమా పాట లెక్క ఉంటది” అంది.

చట్టం గురించి రెండు ముక్కలు. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 నుంచి ఊరటనిచ్చింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని తీసేసింది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు, పెద్దల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. ఆ రోజు టీవీలో వార్త వస్తుంటే తను బెండకాయలు తరుగుతోంది. “అంటే ఇయ్యాల్టి దాకా నేరమేనా?” అంది. మా ఉప్పల్-నారపల్లి వంతెన పనులు మొదలైంది కూడా ఆ ఏడే. ఏళ్ళ తరబడి స్తంభాలు మాత్రమే నిలబడ్డాయి, వాటి మీద రోడ్డు పడలేదు. బస్సులో పోతూ ఆ స్తంభాలు చూసినప్పుడల్లా నాకు ఆ తీర్పు గుర్తొచ్చేది. 2023 అక్టోబరు 17న పెళ్ళి హక్కు కేసులో సుప్రీంకోర్టు కాదంది. ఆ కేసు వేసిన జంట మన హైదరాబాదు వాళ్ళే. పెళ్ళి అనే వ్యవస్థ మీద స్త్రీవాదిగా నాకున్న అనుమానాలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ వద్దనుకోవడానికైనా ముందు అందుబాటులో ఉండాలి కదా. నేరం కాదన్నారు, బంధుత్వమని అనలేదు. ఆ గడి అలాగే ఉంది.

2024 ఆగస్టులో, మాలాంటి వాళ్ళు ఉమ్మడి ఖాతా తెరుచుకోడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోడానికీ అడ్డు లేదని కేంద్ర ఆర్థిక శాఖ తెలియజేసింది. ఆ కాగితం ముక్క ధైర్యంతో ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. నామినీతో సంబంధం అన్న గడి వచ్చింది. నేను కలం పట్టుకుని ఆగిపోయాను. తను నా చేతిలోంచి కలం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో ‘తోడు’ అని రాసింది. అమ్మాయి చదివి, కంప్యూటరులో చూసి, “ఇది లిస్టులో లేదు మేడం. అదర్స్ అని పెట్టమంటారా?” అని మర్యాదగానే అడిగింది.

అదర్స్. బోవా పుస్తకం మీద నేను చెప్పిన పాఠాలన్నీ గుర్తొచ్చాయి. తను మాత్రం, “పెట్టు బిడ్డా. అబద్ధమైతే గాదు గదా” అంది.

ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు తనకి చదివి వినిపించాను. పేరు రాయొద్దంది. ఊళ్ళో అన్నదమ్ముల పిల్లల పెళ్ళిళ్ళు ఉన్నాయి. “నీ పేరు రాసుకో, నా బతుకు నేనే రాసుకుంట ఎప్పుడన్న” అంది. అందుకే ఇందులో తన పేరు లేదు. మీలో చాలామంది పాఠాలు చెప్పేవారు, పరిశోధనలు చేయించేవారు. ఒక స్త్రీ రాసిన కవితలో నువ్వు కనిపించినప్పుడు, ఆ నువ్వుకి మీసాలు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగమని మిమ్మల్ని అడుగుతున్నాను. నాలాగా లేదులతో మాట్లాడే అమ్మాయి మీ క్లాసులోనో, మీ స్టాఫ్ రూములోనో ఉండే ఉంటుంది.

మొన్న సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉంటే ఎదురింటావిడ, “ఏం మేడం, మీ దోస్తు ఇంక రాలేదా?” అని అడిగింది. తను అప్పుడే కూరగాయల సంచితో వీధి మలుపు తిరిగింది.

వచ్చింది, అన్నాను.